గిటార్ యాంప్‌లో హమ్ ఎక్కడ పుడుతోంది?

వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? నా గొంతు గురించి కాదు అడిగేది, దీని గురించి. టేబుల్ మీదున్న ఈ వాల్వ్ యాంప్, అంటే గాజు గొట్టాల్లాంటి వాల్వులతో సిగ్నల్‌ని పెంచే యాంప్, ఆన్ చేసి పది నిమిషాలైంది. గిటార్ పెట్టలేదు, కేబుల్ కూడా లేదు, ఎవరూ ఏమీ వాయించడం లేదు. అయినా గుయ్య్‌మని మోత వస్తూనే ఉంది. ఒక నిమిషం నేను మాట్లాడకుండా ఉంటాను, మీరు కళ్లు మూసుకుని వినండి.

సరే. మొదట అంతా ఒకటే మోతలా అనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే అడుగున లావుగా ఒక శబ్దం, దాని మీద సన్నగా ఇంకొకటి, అలా విడివిడిగా వినపడటం మొదలవుతుంది. అలా వినపడితే సగం రిపేరు అయిపోయినట్టే అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఈ మోత, అదే హమ్, మిగతా జబ్బుల లాంటిది కాదు. అది వస్తూనే తన ఊరూ పేరూ చెప్పేస్తుంది, మనమే వినకుండా స్క్రూడ్రైవర్ అందుకుంటాం.

ఈ యాంప్ మన మిత్రుడిది, ఆయన ముందు వరసలోనే ఉన్నారు. కొన్ని నెలల కిందట సర్వీసుకి ఇచ్చి, లోపలి కరెంటు అలల్ని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు కొత్తవి వేయించారట, ఇంటికి తెచ్చుకున్నప్పటి నుంచీ ఈ మోత. మీలో ఎంతమంది ఇది కెపాసిటర్ల వల్లే అనుకుంటున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, ఆ ఊహని పక్కన పెట్టుకోండి, చివరిదాకా ఉంటుందో లేదో చూద్దాం. ఇవాళ నేను ఒక్క విషయమే పట్టుకుని మాట్లాడతాను: ఏ పార్టు పోయింది అని అడక్కండి, మోత ఎక్కడ పుడుతోంది అని అడగండి. చోటు తెలిస్తే పార్టు దానంతటదే దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, మోత యాంప్‌దా, బయటిదా అని. గిటార్ కేబుల్‌ని యాంప్ దగ్గర ఊడదీయండి, గిటార్ దగ్గర కాదు. చాలా యాంపుల్లో ఇన్‌పుట్ జాక్‌లో ఒక స్విచ్ ఉంటుంది, ప్లగ్ లేనప్పుడు అది ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టేజ్‌కి, కలిపేస్తుంది. కాబట్టి ప్లగ్ తీయగానే మోత ఆగిపోతే యాంప్ చాలావరకూ బాగున్నట్టే, గొడవ గిటార్‌లోనో కేబుల్‌లోనో పెడల్స్‌లోనో ఉంది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా యాంప్ విప్పేసినవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇదిగో, సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ పెడుతున్నాను. మోత పెరిగింది కదా. ఇప్పుడు గిటార్ పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతాను, మీరు వింటూ ఉండండి. ఇక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ, ఇదిగో ఈ దిక్కున దాదాపు లేదు. నేను తిరిగితే మారుతోందంటే అది గాల్లోంచి వస్తున్న అయస్కాంత క్షేత్రం. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, గోడలోని వైర్లు, ఇవన్నీ దాన్ని వెదజల్లుతూనే ఉంటాయి, పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన వేల చుట్ల తీగే కదా, అది తీగల కంపనాన్నీ పట్టుకుంటుంది, దీన్నీ పట్టుకుంటుంది, దానికి రెండూ ఒకటే. గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన హంబకర్ పికప్ పుట్టింది ఈ బాధకే. అందులో రెండు కాయిల్స్ ఉంటాయి. అయస్కాంత ధ్రువాలూ చుట్టిన దిశా రెండింట్లోనూ ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. తీగల సిగ్నల్ రెండిట్లోనూ కలిసి పెరుగుతుంది, బయటి నుంచి వచ్చిన హమ్ మాత్రం ఎదురెదురుగా వచ్చి రద్దయిపోతుంది. పేరే అది, హమ్‌ని ఎదిరించేది అని.

డిమ్మర్ పెట్టిన లైటు ఉంటే మాత్రం వచ్చేది హమ్ కాదు, జుయ్య్‌మని గరగరలాడే బజ్. ఆ డిమ్మర్‌ని పూర్తిగా ఆపేసి వినండి, అంతే. పెడల్స్ సంగతీ తొందరగా చెప్పేస్తాను: ఒక్కొక్కటీ తీసి చూడండి, ఒకే అడాప్టర్ నుంచి అన్నిటికీ గొలుసులా కరెంటు ఇస్తుంటే ఒక పెడల్‌కి బ్యాటరీ పెట్టి చూడండి. మోత తగ్గితే దారి దొరికినట్టే.

ఇప్పుడు శ్రుతి సంగతి. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త నిదానంగా చెప్తాను.

కరెంటు ఒక సెకనులో 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, కొన్ని దేశాల్లో 60 సార్లు. యాంప్‌లో ఈ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఆ ఊపులో కింది సగాన్ని కూడా పైకి తిప్పేస్తుంది కాబట్టి రెక్టిఫయర్ తర్వాత మిగిలే అలలు రెట్టింపవుతాయి, అంటే 100. కాబట్టి హమ్ 50లో ఉంటే అది రెక్టిఫయర్‌కి ముందున్న ఏసీ నుంచి వస్తోంది: వాల్వుల్ని వేడెక్కించే హీటర్ వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం, గ్రౌండ్ లూప్ లాంటివి. 100లో ఉంటే హైటెన్షన్ డీసీ సరిగ్గా చదును కాకుండా వస్తోంది: ఫిల్టర్ కెపాసిటర్లు, స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వుల జత, గ్రౌండ్ వైరింగ్. ఆ ఒక్క ముక్కతో సగం యాంప్‌ని పక్కన పెట్టేయొచ్చు.

దానికి మీటర్ అక్కర్లేదు, చేతిలో గిటార్ ఉంటే చాలు. శ్రుతి చేసిన గిటార్‌లో లావు తీగ, అదే కింది ఈ తీగ, మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్, అంటే సెకనుకి 98 ఊపులు. హమ్ 100 అయితే ఈ జీ దానికి పక్కనే, కొంచెం కిందుగా పలుకుతుంది. రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకి రెండుసార్లు వావ్ వావ్ అని ఊగుతాయి. శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కలవబోతుంటే వినిపించే ఊపు ఉంటుంది చూడండి, అచ్చం అదే. కరెంటు 60 ఉన్న చోట రెట్టింపు 120 కాబట్టి అదే తీగ మీద ఆరో ఫ్రెట్‌కీ ఏడో ఫ్రెట్‌కీ మధ్యలో పడుతుంది, ఆ రెండింట్లో ఏదీ కుదరదు, అదే దాని గుర్తు.

ఈ హాల్లో కరెంటు 50. గిటార్‌ని యాంప్‌కి తగిలించకుండా, ఊరికే చెవి దగ్గర పెట్టుకుని మూడో ఫ్రెట్ మీటుతున్నాను. వినండి. యాంప్ మోత ఈ స్వరంతో కలవడం లేదు కదా, ఒక స్థాయి కింద ఉంది. మంద్ర స్థాయిలో జీ అనుకోండి. పైన సన్నగా వినపడేదాన్ని పట్టించుకోకండి, అడుగునున్న లావాటి శబ్దాన్ని వినండి. గిటార్ స్పీకర్ల రెజొనెన్స్ సాధారణంగా 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, దాని కిందున్న 50ని అవి అంత గట్టిగా పలకవు, అందుకే ఇది చెవికన్నా ముందు టేబుల్ మీద పెట్టిన అరచేతికి తెలుస్తుంది. ముందు వరసలో ఉన్నవాళ్లు వచ్చి చెయ్యి పెట్టి చూడొచ్చు. ఆ, తెలుస్తోంది కదండీ.

అంటే ఇది 50. కెపాసిటర్లు అని చేతులెత్తినవాళ్ల ఊహ ఇక్కడ కొంచెం బలహీనపడింది. పూర్తిగా కొట్టేయకండి, ఎందుకంటే రెక్టిఫయర్‌లో ఒక డయోడ్ ఓపెన్ అయిపోతే సగం అలలే వస్తాయి, అప్పుడు డీసీలో అలలు కూడా 50కే వస్తాయి. చెవి చెప్పింది సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

కెపాసిటర్ల మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తాను. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక యాంప్ నా దగ్గరికి వచ్చింది, స్పష్టంగా 100 హెర్ట్జ్ హమ్, ఏ నాబ్ తిప్పినా మారదు. పాత యాంప్ కదా, కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయని అన్నీ తీసేశాను, రెండు రోజులు కూర్చుని కొత్తవి టంకం వేశాను. ఆన్ చేస్తే అదే మోత, పిసరంత కూడా తగ్గలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పవర్ వాల్వుల కరెంటు కొలిస్తే ఒకటి 40 మిల్లీయాంప్స్ లాగుతోంది, రెండోది 25. మంచి జత వేశాను, మోత పోయింది.

ఎందుకు పోయిందో అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక యాంప్ మొత్తం 100 మిల్లీయాంప్స్ లాగుతోందనుకోండి, మొదటి ఫిల్టర్ కెపాసిటర్ 50 మైక్రోఫారడ్లు, సెకనుకి 100 సార్లు నిండుతోంది. ఒకసారి నిండాక మళ్లీ నిండేలోపు దాని వోల్టేజ్ ఎంత పడిపోతుందంటే, కరెంటుని 100తోనూ కెపాసిటీతోనూ భాగిస్తే 20 వోల్టులు వస్తుంది. ఇది పైపైన లెక్క, నిజంలో కొంత తక్కువే ఉంటుంది. అయినా చూడండి, అన్నీ బాగున్న యాంప్‌లో కూడా మొదటి కెపాసిటర్ మీద పది పదిహేను వోల్టుల అలలు ఉండటం మామూలు విషయం. మరి అది మనకెందుకు వినపడదు? రెండు పవర్ వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్‌పుల్ యాంప్‌లో ఆ వోల్టేజ్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నడిమధ్యకు వచ్చి, అక్కడి నుంచి రెండు వైపులా రెండు వాల్వులకీ వెళ్తుంది. రెండు వాల్వులూ సమానంగా లాగితే రెండు సగాల్లోనూ అల ఎదురెదురుగా ఉండి రద్దవుతుంది. హంబకర్‌లో చూసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. ఒక వాల్వు ఎక్కువా ఒకటి తక్కువా లాగితే తేడా మొత్తం స్పీకర్‌లోకి వచ్చేస్తుంది. నేను రెండు రోజులు పెట్టి మార్చిన కెపాసిటర్లు అసలు బాగానే ఉన్నాయి.

అలాగని కెపాసిటర్లు పాడవవని కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ఉండేది తడి పదార్థం, ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది, వాల్వుల వేడికి ఇంకా తొందరగా. ఇందాకటి లెక్కలో 50 కాస్తా 25 అయిందనుకోండి, అల 40 వోల్టులవుతుంది. పైన ఉబ్బినా, అడుగున ఏదైనా కారి గట్టిపడినట్టున్నా, ఇరవై ఏళ్లు దాటినా మార్చేయండి, అనుమానం అక్కర్లేదు. కాకపోతే అది కారణమని తేలాక మార్చడం వేరు, తేలకముందే మార్చి ఆశపడటం వేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఇది వినకుండా ఎవరూ ఇంటికెళ్లి యాంప్ విప్పొద్దు. వాల్వ్ యాంప్ లోపల 400, 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా అది కెపాసిటర్లలో అలాగే నిలవుంటుంది, కొన్ని యాంపుల్లో గంటల తరబడి. దాన్ని ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్‌తో ఠప్‌మని కలపకండి, నిప్పురవ్వ వస్తుంది, కెపాసిటరూ పాడవుతుంది, చెయ్యీ అదిరి ఇంకెక్కడో తగులుతుంది. 10 కిలోఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని, రెండు చివరలకీ మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు టంకం వేసి, మొసలి క్లిప్పులు పెట్టుకోండి. ముందు ఒక క్లిప్ ఛాసీకి, అంటే యాంప్ లోపలి లోహపు చట్రానికి, తర్వాత రెండోది కెపాసిటర్ ప్లస్‌కి. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయితే రెండు మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది, మీరు పది సెకన్లు ఉంచండి. ఆ తర్వాత మీటర్ పెట్టి 10 వోల్టుల కంటే తక్కువ ఉందని కళ్లతో చూడండి. క్లిప్ తీసేశాక కాసేపటికి కొంత వోల్టేజ్ మళ్లీ పుట్టుకొస్తుంది, అది ఈ కెపాసిటర్ల స్వభావం, అందుకే పని అయ్యేదాకా క్లిప్ అలాగే ఉంచేయడం నా అలవాటు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి, ఒక చేతి నుంచి రెండో చేతికి వెళ్లే కరెంటు గుండె మీదుగా వెళ్తుంది కాబట్టి. ఇది అలవాటు లేనివాళ్లు ఛాసీ తెరవాల్సిన పని లేదు, నేను ఇవాళ చూపించే పరీక్షల్లో ఎక్కువభాగం బయటి నుంచే చేసేవి.

సరే, మన యాంప్ దగ్గరికి వద్దాం. ఇప్పుడు నాబ్‌లు. వాల్యూమ్ సున్నాకి తెస్తున్నాను. మోత తగ్గిందా? లేదు. మళ్లీ పైకి. పెరిగిందా? లేదు. అంటే మోత వాల్యూమ్ నాబ్ తర్వాత ఎక్కడో లోపలికి దూరుతోంది, మొదటి వాల్వుకి సంబంధం లేదు. వాల్యూమ్‌తో పాటు పెరిగి తగ్గితే మొదటి వాల్వు, ఇన్‌పుట్ జాక్, దాని వైర్లు చూడాలి, అప్పుడు జాక్ నట్టు వదులైందేమో ముందు చూసుకోండి, ఎన్నో యాంపుల్లో ఆ నట్టు బిగింపే గ్రౌండ్ కనెక్షన్.

ఇంకో నాబ్ మిగిలింది. మన మిత్రుడికి రివర్బ్, అదే పెద్ద హాల్లోలా వచ్చే ప్రతిధ్వని, చాలా ఇష్టం, ఎప్పుడూ ఐదు మీదే ఉంచుతారట. దాన్ని తగ్గిస్తున్నాను. నాలుగు. రెండు. సున్నా.

విన్నారా ఆ నిశ్శబ్దం! ఇప్పుడు వినపడుతున్నది ఏ వాల్వ్ యాంప్‌లోనైనా ఉండే సన్నటి సర్రుమనే చప్పుడే. మళ్లీ పెంచితే హమ్ దాంతో పాటే వస్తోంది. ఇప్పటిదాకా ఒక్క స్క్రూ కూడా విప్పలేదు, అయినా మోత రివర్బ్ దారిలో వస్తోందని తేలిపోయింది. డయోడ్ కాదు, ఫిల్టర్ కెపాసిటర్లు కాదు, అవి అయితే రివర్బ్ నాబ్ మాట వినవు.

యాంప్ వెనక్కి తిప్పుతున్నాను. క్యాబినెట్ అడుగున నల్ల సంచిలో ఉన్న రేకు డబ్బా కనపడుతోందా, అదే రివర్బ్ ట్యాంక్. లోపల స్ప్రింగులు వేలాడుతుంటాయి. ఒక చివర చిన్న కాయిల్ సిగ్నల్‌తో స్ప్రింగుల్ని కదిలిస్తుంది, రెండో చివర ఇంకో చిన్న కాయిల్ ఆ కదలికని తిరిగి సిగ్నల్‌గా మారుస్తుంది. ఆ రెండో కాయిల్ నుంచి వచ్చేది చాలా బలహీనమైన సిగ్నల్, దాన్ని తర్వాతి వాల్వు ఎన్నో రెట్లు పెంచుతుంది. అంటే అది ఒక పికప్ అన్నమాట, సింగిల్ కాయిల్ గిటార్‌కి ఏ బాధ ఉందో దానికీ అదే. ముందు ట్యాంక్ నుంచి యాంప్‌కి వచ్చే ఔట్‌పుట్ కేబుల్‌ని ట్యాంక్ దగ్గర తీసి, దాని ప్లగ్‌కి కొసనీ అంచునీ కలిపేసిన షార్టింగ్ ప్లగ్ తగిలిస్తున్నాను. రివర్బ్ ఐదు మీద ఉన్నా మోత లేదు. కాబట్టి వాల్వు మంచిదే, కేబుల్ మంచిదే, మోత ట్యాంక్ లోపలికే వస్తోంది. కేబుల్ మళ్లీ ట్యాంక్‌కి పెట్టాను. నాలుగు స్క్రూలు తీసి, ట్యాంక్‌ని సంచితో సహా చేత్తో పట్టుకుని నెమ్మదిగా జరుపుతున్నాను, ఆన్‌లోనే ఉంది, ట్యాంక్ మీద ప్రమాదకరమైన వోల్టేజ్ ఉండదు, చెయ్యి ఛాసీ వైపు పోకుండా చూసుకుంటున్నాను. ఇటు జరిపితే తగ్గుతోంది, అటు పెరుగుతోంది. ఇప్పుడు తూర్పు చివర పడమరకి వచ్చేలా పూర్తిగా తిప్పేస్తున్నాను. వినండి.

పోయింది.

ట్యాంక్‌కి పైన, ఛాసీలో ఈ కొసన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ట్యాంక్ ఔట్‌పుట్ కాయిల్ దానికి వీలైనంత దూరంగా ఉండాలి. సర్వీసులో ఎవరో ట్యాంక్ బయటికి తీసి, తిరగేసి పెట్టేశారు, అంతే జరిగింది. కేబుళ్లు రెండు వైపులకీ అందుతాయి, స్క్రూ రంధ్రాలు రెండు రకాలుగానూ సరిపోతాయి, చూడ్డానికి తేడానే తెలియదు. కొత్త కెపాసిటర్లకీ ఈ మోతకీ ఉన్న సంబంధం ఒక్కటే, రెండూ ఒకే రోజు జరిగాయి.

అన్ని యాంపులూ ఇంత తేలిగ్గా లొంగవు కాబట్టి, నాబ్‌లతో తేలనప్పుడు ఏం చేయాలో కూడా చెప్తాను. వాల్వుల్ని ఇన్‌పుట్ వైపు నుంచి ఒక్కొక్కటే తీసి వినడం. ప్రతిసారీ ఆఫ్ చేసి, చల్లారనిచ్చి, మందపాటి గుడ్డతో పట్టుకుని తీయండి. ఒక వాల్వు తీస్తే మోత ఆగింది అంటే మోత ఆ వాల్వు దగ్గర గానీ దానికి ముందు గానీ పుడుతోంది. ఆగకపోతే దాని తర్వాత. పవర్ వాల్వులకి ఎదురెదురు సిగ్నళ్లిచ్చే ఫేజ్ ఇన్వర్టర్ వాల్వు కూడా తీసేశాక మోత ఉందంటే ఇక పవర్ వాల్వులూ, అవి ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే బయాస్ సరఫరా, మొదటి ఫిల్టరే మిగిలినవి. చాలా యాంపుల్లో హీటర్లు ప్యారలల్‌గా ఉంటాయి కాబట్టి ఒకటి తీసినా మిగతావి వెలుగుతాయి. కొన్నిట్లో సీరీస్‌లో ఉంటాయి, సర్క్యూట్ బొమ్మ చూసుకుని చేయండి.

హీటర్ల గురించి ఒకటి చూపించాలి. వాల్వుల్ని వెలిగించేది 6.3 వోల్టుల ఏసీ. 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు ఒక్కొక్కటి 300 మిల్లీయాంప్స్ తీసుకుంటుంది, పవర్ వాల్వులు ఇంకా ఎక్కువ, అంటే యాంపియర్ల లెక్కన ఏసీ కరెంటు సన్నటి సిగ్నల్ వైర్ల పక్కనే పారుతోంది. అందుకే ఆ రెండు వైర్లనీ జడ అల్లినట్టు బిగుతుగా మెలితిప్పుతారు, ఒకదాని క్షేత్రం రెండోదానితో రద్దవ్వాలని. అంతేకాదు, ఆ రెండు వైర్ల వోల్టేజూ గ్రౌండ్‌కి సమాన దూరంలో ఉండాలి, అంటే ఒకటి పైకి వెళ్తుంటే రెండోది అంతే కిందికి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట నడిమి నుంచి గ్రౌండ్‌కి వెళ్లే మధ్య తీగ లేకపోతే ఒక్కో వైర్ నుంచి గ్రౌండ్‌కి 100 ఓమ్స్ రెసిస్టర్ పెడతారు. పవర్ వాల్వు లోపల షార్టయినప్పుడు ఇందులో ఒకటి కాలిపోవడం తరచూ జరుగుతుంది, వాల్వు మార్చేస్తారు, రెసిస్టర్‌ని ఎవరూ చూడరు, యాంప్ పనిచేస్తుంది గానీ 50 హెర్ట్జ్ హమ్ మిగిలిపోతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ప్లగ్ పీకేసి, కెపాసిటర్లు ఖాళీ చేశాక, హీటర్ వైర్ నుంచి ఛాసీకి ఓమ్స్ కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట రెండు వైర్లనీ కలిపే ఉంచుతుంది కాబట్టి రెండు 100లూ ప్యారలల్ అయి 50 చూపించాలి. 100 చూపిస్తే ఒకటి పోయింది. అసలేమీ చూపించకపోతే రెండూ పోయాయి. నాకు తెలిసి మీటర్ ఇంత సూటిగా జవాబు చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

గ్రౌండ్ వైరింగ్ ఒక పెద్ద సముద్రం, అందులో ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే సొంతంగా యాంప్ కట్టుకునేవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌లోకి కరెంటు నీళ్లలా నిలకడగా పారదు, అల శిఖరం దగ్గర ఒక్కసారిగా, పొట్టిగా, గట్టిగా దూకుతుంది. ఆ దూకుళ్లు ఛాసీ రేకు మీదుగా ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్‌ని తాకుతూ పోతే అక్కడ పుట్టే చిన్న వోల్టేజ్ సిగ్నల్‌లో కలిసిపోయి, గరుకైన బజ్‌గా వస్తుంది. మొదటి కెపాసిటర్ మైనస్‌ని ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగకి నేరుగా కలిపి, అక్కడి నుంచి మాత్రమే ఛాసీకి వెళ్లండి. ఇన్‌పుట్ వైపు గ్రౌండ్లు ఇన్‌పుట్ దగ్గరే కలవాలి.

ఆ, అడగండి. రెండు యాంపులు కలిపి వాయిస్తే మోత వస్తోంది, విడివిడిగా రెండూ బాగానే ఉన్నాయి, అవునా? అది గ్రౌండ్ లూప్. రెండు యాంపులూ గోడ ప్లగ్ ఎర్త్ ద్వారా ఒకసారి, గిటార్ కేబుల్ షీల్డ్ ద్వారా ఇంకోసారి కలిసి, ఒక పెద్ద వలయం అయింది, ఆ వలయంలో 50 హెర్ట్జ్ తిరుగుతోంది. దీనికి కొందరు ఒక యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు. మోత పోతుంది, నిజమే. దయచేసి ఎప్పుడూ అలా చేయకండి. లోపల ఎక్కడైనా కరెంటు ఛాసీకి తగిలితే ఫ్యూజ్ కాలి మిమ్మల్ని కాపాడేది ఆ ఎర్తే. అది లేకపోతే ఛాసీ, కేబుల్, గిటార్ తీగలు, అన్నీ కరెంటుతో నిలబడి ఉంటాయి, మీరు మైక్ ముట్టుకునే క్షణం కోసం. 1972లో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్వాన్సీలో వేదిక మీద, ఎర్త్ లేని మైక్ ముట్టుకుని షాక్‌తో చనిపోయారు. కోయాల్సింది వలయాన్ని, ఎర్త్‌ని కాదు. రెండో యాంప్‌కి వెళ్లే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్ పెట్టండి. సిగ్నల్ వెళ్తుంది, షీల్డ్ కలవదు, రెండు యాంపుల ఎర్తూ అలాగే ఉంటుంది. పాత యాంప్‌కి రెండు పిన్నుల వైరే ఉంటే, మిగతా అన్నిటికన్నా ముందు దానికి మూడు పిన్నుల వైరు వేయించండి, మెయిన్స్ నుంచి ఛాసీకి ఒక కెపాసిటర్ ఉంటే దాన్ని తీయించేయండి. దానికి డెత్ క్యాప్ అని పేరు ఊరికే రాలేదు.

ఇంకెవరు? తీగలు ముట్టుకుంటే బజ్ తగ్గుతోంది, ఏదైనా లోపమా అని అడుగుతున్నారు. లోపం కాదండీ. మన ఒళ్లే ఒక ఏంటెనాలా చుట్టూ ఉన్న కరెంటు వైర్ల రొదని పట్టుకుని గిటార్‌లోకి వదులుతుంది. తీగలు బ్రిడ్జ్ వైర్ ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి, ముట్టుకోగానే ఒళ్లు కూడా గ్రౌండయి రొద తగ్గుతుంది. ముట్టుకున్నా ఏ తేడా లేకపోతే ఆ బ్రిడ్జ్ వైర్ ఊడిందేమో చూడండి. ముట్టుకుంటే పెరుగుతుంటే మాత్రం జాక్ దగ్గర సిగ్నల్, గ్రౌండ్ వైర్లు తారుమారయ్యాయని అర్థం.

చివరి ప్రశ్న. మోత స్పీకర్‌దా, ట్రాన్స్‌ఫార్మర్ రేకులదా తెలుసుకోవడానికి స్పీకర్ వైరు పీకేసి వినొచ్చా? వద్దు. వాల్వ్ యాంప్‌ని లోడ్ లేకుండా ఆన్ చేస్తే, సిగ్నల్ ఏదైనా లోపలికి వెళ్లిందంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ ఎక్కడికో పోయి అది కాలిపోవచ్చు. ముందు ఊరికే చెవి ఒకసారి స్పీకర్ గుడ్డ దగ్గరా, ఒకసారి ఛాసీ దగ్గరా పెట్టి వినండి, చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే ఆఫ్ చేసి, స్పీకర్ బదులు అదే ఓమ్స్ ఉన్న పెద్ద రెసిస్టర్, యాంప్ వాట్లకి రెట్టింపు తట్టుకునేది పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. ఇంకా గుయ్‌మంటుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల కంపనం, సిగ్నల్‌కి సంబంధం లేదు. ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, దాన్ని ఛాసీకి పట్టి ఉంచిన బోల్టులు బిగించి మళ్లీ వినండి.